గాలి తగ్గాక వచ్చే నీరు

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర ఒక వాయుగుండం తీరం దాటింది. దానికి పేరు లేదు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనానికి తుఫాను హోదా, దానితో పాటు పేరు వస్తాయి. ఇది ఆ వేగానికి చేరలేదు. విశాఖపట్నంలో వాన గట్టిగానే కురిసింది గాని, గాలి భయం లేదు కాబట్టి జనం తలుపులు వేసుకుని పడుకున్నారు. అదే రాత్రి, ఆ మర్నాడు, కళింగపట్నానికి 400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచేసింది. ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది. మహబూబాబాద్ జిల్లాలో కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు కింద ఆధారం లేకుండా వేలాడాయి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టిన తరువాత అంత నీరు రావడం అదే మొదటిసారి.

విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకు తుఫాను అంటే సముద్రం వైపు నుంచి వచ్చే ఆపద. మా చూపు ఎప్పుడూ తూర్పు వైపే ఉంటుంది. ప్రభుత్వం చూపూ అటే ఉంది, పత్రికలదీ, టీవీలదీ అంతే. హెచ్చరిక, ఆశ్రయం, సహాయం, చివరికి నష్టం లెక్క కూడా ఒడ్డు పొడవునా గట్టిగా ఉండి, అక్కడి నుంచి లోపలికి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. ఒడ్డున ఉన్నవాడికి ఇస్తున్నది తగ్గించి కొండ కింద ఉన్నవాడికి ఇమ్మని నేను అడగడం లేదు. వేలమంది ప్రాణాలు పోయాక తీరం నేర్చుకున్న జాగ్రత్త యాభై ఏళ్లు కావస్తున్నా లోతట్టు ఊళ్లకు ఎందుకు చేరలేదన్నది నా ప్రశ్న. చేరి తీరాలన్నది నా వాదన.

తుఫానుకు బలం వేడెక్కిన సముద్రం నుంచి వస్తుంది. నీరు ఆవిరై పైకి లేచి చల్లబడినప్పుడు విడుదలయ్యే వేడి దాన్ని తిప్పుతూ ఉంటుంది. నేల మీదికి రాగానే ఆ సరఫరా ఆగిపోతుంది. కొండలూ చెట్లూ ఇళ్లూ గాలిని ఒరుసుకుని దాని వేగాన్ని తగ్గిస్తాయి. అందుకే తీరం దాటిన కొన్ని గంటల్లోనే తుఫాను తీవ్ర వాయుగుండంగా, ఆ తరువాత వాయుగుండంగా బలహీనపడిందని బులెటిన్లు వస్తాయి. ఆ మాట గాలి విషయంలో నిజం. అది మోసుకొచ్చిన తేమ మాత్రం ఎక్కడికీ పోదు. కదలిక మందగిస్తే ఒకేచోట గంటల తరబడి కురుస్తుంది, తూర్పు కనుమలు అడ్డం వస్తే పైకి లేచి చల్లబడి మరింత కురుస్తుంది. వాయుగుండం మొదలుకొని సూపర్ సైక్లోన్ దాకా మనం వాడే శ్రేణులన్నీ గాలి వేగాన్ని బట్టి ఇచ్చినవే. అమెరికాలో హరికేన్లకు ఇచ్చే 1 నుంచి 5 వరకు కేటగిరీలూ అంతే. కాని అక్కడ 2013 నుంచి 2022 వరకు ఉష్ణమండల తుఫానుల ధాటికి నేరుగా చనిపోయినవారిలో సగానికి పైగా వాన తెచ్చిన వరదలోనే పోయారు. చంపేది నీరు అయినప్పుడు కొలిచేది గాలిని మాత్రమే అయితే, ఆ కొలత చూసి జాగ్రత్త పడేవాడికి అందవలసిన కబురు అందనట్టే.

ఉత్తరాంధ్రలో ఇది మరీ ప్రమాదకరం. ఇక్కడ కనుమలు సముద్రానికి బాగా దగ్గరగా ఉంటాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల్లోంచి దిగి, తాటిపూడి దాటి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అవే కొండల నుంచి వచ్చే శారద రైవాడ మీదుగా, అనకాపల్లి మీదుగా పోతుంది. పెద్దేరు, బొడ్డేరు దానికే చేరతాయి. వీటిలో ఏదీ పెద్ద నది కాదు. వాలు ఎక్కువ, దూరం తక్కువ. గోదావరి పొంగితే భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు, దిగువన ఉన్న లంక గ్రామాలవాళ్లు ఆ అంకెలు వింటూ సామాను సర్దుకుంటారు. శారదకు అంత వ్యవధి లేదు. దానిలో కలిసే గెడ్డలకు, అంటే కొండవాగులకు, అసలే లేదు. పైన రాత్రి కురిస్తే తెల్లారేసరికి గెడ్డ పొలంలో ఉంటుంది.

తీరం ఏం నేర్చుకుందో ముందు చెప్పాలి, ఎందుకంటే అది చిన్న విషయం కాదు. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడిన ఉప్పెనలో సుమారు పది వేల మంది చనిపోయారు. ఆ తరువాతే కోస్తా పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి, వాతావరణ శాఖ మాటకు విలువ పెరిగింది, ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించే అలవాటు అధికారులకు వచ్చింది. 1990 మేలో దాదాపు అదే ప్రాంతం మీదికి అంతే భయంకరమైన తుఫాను వచ్చినప్పుడు లక్షలాది మందిని ముందే తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. ఒడిశాలో 1999 అక్టోబర్ సూపర్ సైక్లోన్‌కు సుమారు పది వేల మంది బలయ్యారు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు దాదాపు పది లక్షల మందిని తరలించారు, మృతులు పదుల్లోనే ఉన్నారు. ప్రభుత్వ యంత్రాంగం తలచుకుంటే ఎంత చేయగలదో చెప్పడానికి మన దేశంలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ప్రాణం దక్కడంతో తీరంవాళ్ల కష్టం తీరిపోతుందని కూడా అనలేం. విశాఖ పెదజాలరిపేటలో తుఫాను నష్టం గాలి రాకముందే మొదలవుతుంది. వేటకు వెళ్లొద్దని కబురు వచ్చిన రోజు నుంచే సంపాదన ఆగిపోతుంది. పోర్టులో ప్రమాద సూచిక అంకె పెరిగేకొద్దీ పడవలను ఇసుక మీదికి లాగి, ఇంజన్లు విప్పి, వలలు ఇళ్లలోకి మోసుకుంటారు. తుఫాను వెళ్లాక కూడా సముద్రం రోజుల తరబడి కుదుటపడదు. పరిహారం వచ్చేది రిజిస్ట్రేషన్ ఉన్న పడవకు, పడవ ఉన్న యజమానికి. ఆ పడవ మీద వాటాకు పనిచేసే కలాసీకి పడవ లేదు కాబట్టి పోయిందని చూపించడానికి ఏమీ ఉండదు. చేపలు ఎండబెట్టి సంతలకు మోసుకెళ్లే ఆడవాళ్ల సంగతీ అంతే. మూడు రోజుల వానకు మొత్తం సరుకు పురుగు పడుతుంది, ఆ సరుకు ఏ పట్టికలోనూ ఉండదు. కాగితం మీద ఆస్తి లేనివాడి నష్టం కనబడకపోవడం అనే ఈ లోపం లోతట్టుకు వెళ్లేకొద్దీ ఇంకా పెరుగుతుంది.

హుద్‌హుద్ సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం మధ్యాహ్నం, గంటకు 180 కిలోమీటర్ల గాలితో అది నేరుగా నగరం మీదికి వచ్చింది. తుఫాను కన్ను మా మీదుగా పోయింది. ఉదయమంతా విరుచుకుపడిన గాలి ఉన్నట్టుండి ఆగింది. మా వీధిలో జనం బయటికి వచ్చి కూలిన చెట్లూ, ముడతలు పడిన రేకులూ చూస్తూ నిలబడ్డారు. ఎదురింట్లో అద్దెకుండే జాలరి కుటుంబం పెద్దాయన ఒక్కరే గుమ్మం దిగకుండా, గాలి తిరుగుతుంది, లోపలికి పోండి అని అరిచారు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి అంతకంటే గట్టిగా వచ్చింది. ఉదయం ఒక వైపుకు ఒరిగి నిలదొక్కుకున్న వేప చెట్టు రెండో విడతకు వేళ్లతో సహా లేచి, కాంపౌండు గోడ మీద పడింది. వేళ్లకు అంటుకున్న ఎర్రమట్టితో పాటు కార్పొరేషన్ నీళ్ల గొట్టం కూడా పైకి వచ్చి, పగిలి కారుతూ ఉండిపోయింది.

ఆ తరువాతి రోజుల్లో నగరానికి దేశమంతా కదిలి వచ్చింది. ముఖ్యమంత్రి ఇక్కడే మకాం వేశారు, రెండు రోజుల్లో ప్రధానమంత్రి వచ్చి 1000 కోట్ల తక్షణ సాయం ప్రకటించారు, పక్క రాష్ట్రాల నుంచి కరెంటు సిబ్బంది వచ్చి స్తంభాలు నిలబెట్టారు. తరువాత ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కొంత మేర తీగలను భూమి లోపలికి దించారు. ఇదంతా జరగవలసిందే, జరిగినందుకు ఈ ఊరివాడిగా నాకు కృతజ్ఞత ఉంది. సముద్రం వైపు చూస్తే, కొండలు ఒడ్డుకు దగ్గరగా ఉండి నేల త్వరగా ఎత్తు పెరగడం వల్ల మాకు దివిసీమ వంటి ఉప్పెన రాలేదు. నగరం చూసింది ప్రధానంగా గాలినే.

నీరు చూసినవాళ్లు వేరే ఉన్నారు. మా చిన్నాన్నది మాడుగుల వైపు ఊరు. ఫోన్లు పనిచేయడం మొదలయ్యాక ఆయన చెప్పిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "తుఫాను దాటిపోయిందని రేడియోలో చెప్పారురా, మేము పశువుల్ని విప్పి మళ్లీ కట్టేశాం, అప్పుడొచ్చింది గెడ్డ." ఎకరంన్నర చెరకు నేల మీద పరుచుకుపోయింది. పడిన చెరకును వెంటనే నరికి గానుగకు తోలకపోతే కణుపుల దగ్గర వేళ్లు, మొలకలు వస్తాయి, రసం పలచబడుతుంది, బెల్లం రంగు చెడుతుంది, అనకాపల్లి మార్కెట్లో నల్ల బెల్లానికి ధర దిగిపోతుంది. నరకడానికి కూలీలు లేరు, ఎందుకంటే అందరి చెరకూ ఒకేసారి పడింది. నష్టం రాసుకోవడానికి మనుషులు వచ్చేసరికి ఆయన అయినకాడికి నరికి అమ్మేసుకున్నారు. పొలంలో పంట లేదు కాబట్టి పూర్తి నష్టం రాయలేమన్నారు. ఏమీ చేయకుండా కూర్చున్న పక్క రైతుకు ఆయన కంటే ఎక్కువ వచ్చింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పంట ఎలా పాడవుతుందో తెలియని నిబంధన అది.

ఇంకా పైకి వెళితే పాడేరు, చింతపల్లి, అనంతగిరి. అక్కడ కాఫీ మొక్క నీడలో బతుకుతుంది. ఆ నీడ ఇచ్చేవి సిల్వర్ ఓక్ చెట్లు. హుద్‌హుద్‌కు అవి విరిగి కాఫీ తోటల మీద పడ్డాయి. కాఫీ మొక్క మళ్లీ నాటితే మూడు నాలుగేళ్లకు కాపు వస్తుంది గాని, దానికి కావలసిన నీడ తయారవడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. తీరంలో పడవ పోతే అప్పో సొప్పో చేసి మరుసటి వేట కాలానికి ఇంకో పడవ దించవచ్చు. తోటకు ఆ వీలు లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి రైతులకు పట్టిన గతి కూడా ఇదే. తండ్రి నాటిన చెట్టు కొడుక్కి ఆదాయం ఇచ్చే చోట ఒక్క రాత్రి గాలి ఒక తరం రాబడిని తీసుకుపోతుంది, దానికి చెట్టుకు ఇంత అని ఒకసారి ఇచ్చే పరిహారం ఏ మూలకు సరిపోతుంది?

అదే తిత్లీ సమయంలో ఒడిశా గజపతి జిల్లాలో జరిగింది తలుచుకుంటే మనసు ఇప్పటికీ స్థిమితపడదు. బరఘర అనే కొండ గ్రామంలో జనం వానకు తట్టుకోలేక దగ్గరలో ఉన్న ఒక గుహలోకి వెళ్లారు. కొండచరియ విరిగిపడి పదిహేను మందికి పైగా అందులోనే చనిపోయారు. వాళ్లు నిర్లక్ష్యం చేయలేదు. ప్రాణం కాపాడుకోవడానికి ఊళ్లో దొరికిన అతి గట్టి చోటికే వెళ్లారు. సముద్రం ఒడ్డున వాళ్లలాంటి పేదలకు కాంక్రీటు షెల్టర్ ఉంది, కొండ మీద గుహ ఉంది. నా వాదనకు ఇంతకు మించిన సాక్ష్యం నేను చూపలేను.

హుద్‌హుద్ కూడా విశాఖతో ఆగలేదు. ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరప్రదేశ్‌కు, అక్కడి నుంచి హిమాలయాలకు దాని తేమ చేరింది. అక్టోబర్ 14న నేపాల్‌లో అన్నపూర్ణ దారిలోని థొరాంగ్ లా కనుమ దగ్గర అది మంచు తుఫానుగా కురిసి, పర్వతారోహకులు, గైడ్లు, పశువుల కాపరులు కలిసి నలభై మందికి పైగా మరణించారు. మా బీచ్ రోడ్డు మీద చెట్లు తొలగించే పని ఇంకా జరుగుతూనే ఉంది, అక్కడ జనం మంచు కింద ఉన్నారు.

ఈ గుడ్డితనం మన ఒక్కరిదే కాదు. 2024 సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ హరికేన్ నాలుగో కేటగిరీ గాలితో ఫ్లోరిడా తీరం దాటింది. అక్కడి తీరవాసులకు అది అలవాటైన ఆపద. ఖాళీ చేయవలసిన మండలాలు, దారులు ముందే గీసి ఉంటాయి. అత్యధిక ప్రాణనష్టం జరిగింది మాత్రం వందల కిలోమీటర్ల లోపల, నార్త్ కరోలినా కొండల్లో. ఆష్‌విల్ అనే కొండ పట్టణం వాతావరణ మార్పు నుంచి తలదాచుకోవడానికి తగిన చోటని కొందరు చెప్పుకునేవారు. హెలీన్‌కు ముందే అక్కడ వాన దంచికొట్టి నేల నానిపోయి ఉంది, ఆ మీద ఇది వచ్చింది. నదులు లోయల్లో ఊళ్లను తుడిచిపెట్టాయి, పట్టణానికి తాగునీటి గొట్టాలు కొట్టుకుపోయి, కుళాయిలో తాగడానికి పనికివచ్చే నీరు మళ్లీ రావడానికి ఏడు వారాలకు పైగా పట్టింది. అంతకు చాలా ముందు, 1969లో, కామిల్ హరికేన్ మిసిసిపీ తీరాన్ని ధ్వంసం చేసి బలహీనపడిందని అందరూ అనుకున్నాక, మూడో రాత్రి వర్జీనియాలోని నెల్సన్ కౌంటీ కొండల మీద కుంభవృష్టి కురిపించి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. అంత ధనిక దేశానికి యాభై అయిదేళ్ల తరువాత కూడా అదే దెబ్బ తగిలిందంటే, డబ్బు ఉన్నంత మాత్రాన ఈ చూపు దానంతట అది రాదని అర్థమవుతుంది.

మన దగ్గర ఉదాహరణలకు కొరత లేదు. 2020 అక్టోబర్ 13 ఉదయం కాకినాడ దగ్గర తీవ్ర వాయుగుండం తీరం దాటితే ఆ రాత్రికి హైదరాబాద్ మునిగింది. 2021 సెప్టెంబర్‌లో గులాబ్ కళింగపట్నం దగ్గర నేల మీదికి వచ్చి, తెలంగాణ దాటి మరాఠ్వాడాలో వరదలు తెచ్చి, అరేబియా సముద్రంలో మళ్లీ లేచి, షహీన్ అనే కొత్త పేరుతో ఒమన్ మీద పడింది. అదే ఏడాది నవంబర్ 19 తెల్లవారుజామున ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. ఆ తెల్లవారే కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువన పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లను నీరు ఊడ్చుకుపోయింది. కరువు సీమలో, సముద్రం కంటికి కనబడని చోట, దివిసీమ తేదీనే ఇళ్లలోంచి మనుషులు కొట్టుకుపోయారు. ఆ వాయుగుండానికీ పేరు లేదు.

వాతావరణ శాఖ తన పని తాను చేస్తోందని నేను ఒప్పుకుంటాను. జిల్లాలవారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో భారీ వర్ష సూచనలు రోజూ వస్తున్నాయి, సెల్‌ఫోన్లకు సందేశాలూ వస్తున్నాయి. సమస్య ఆ తరువాతి మెట్టులో ఉంది. జాలరిపేటలో పదో నంబరు ప్రమాద సూచిక అంటే ఏం చేయాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. జిల్లాకు ఎరుపు రంగు అంటే పెద్దేరు కింద ఉన్న రైతు ఏం చేయాలి? పశువులను ఎటు తోలాలి, ఏ మిట్టకు పోవాలి, గెడ్డ ఎంత లేస్తే ఊరు వదలాలి? ఇవి ఎవరూ అతనికి ముందుగా చెప్పలేదు, చెప్పే బాధ్యత కూడా ఎవరికీ ఇవ్వలేదు.

2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడు ముక్కలయ్యాక ఇది ఇంకా చిక్కుపడింది. వాన కురిసే అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, ఆ నీరు ఆగే రైవాడ అనకాపల్లి జిల్లాలో ఉంది, ఆ జలాశయం నీళ్లు తాగే నగరం విశాఖ జిల్లాలో ఉంది. గోస్తని మీది తాటిపూడి విజయనగరం జిల్లాలో ఉంది. నదికి ఈ సరిహద్దులు తెలియవు కాబట్టి, తుఫాను రోజుల్లో హెచ్చరికా నిర్ణయమూ కనీసం ఒక్కో నదీ పరీవాహకానికి ఒకరి చేతిలో ఉండాలి. ఎగువన ఎన్ని సెంటీమీటర్లు కురిస్తే దిగువన ఏ ఊరికి ఎన్ని గంటల్లో నీరు వస్తుందో పాత వరదల లెక్కలతో తేల్చవచ్చు. వంతెనల స్తంభాల మీద రంగు గీతలు గీసి, ఏ గీత దాటితే ఏ వీధి ఖాళీ చేయాలో ఆ ఊరివాళ్లతోనే ముందుగా నిర్ణయించుకోవచ్చు. ఏజెన్సీలో, అంటే గిరిజనులుండే కొండ ప్రాంతంలో, ప్రతి పంచాయతీకి కొండచరియల దారిలో లేని ఒక గట్టి భవనం కావాలి. మామూలు రోజుల్లో అది బడిగా ఉంటుంది, తుఫాను రోజున ఊరంతా అందులో తలదాచుకుంటుంది. వాన మొదలైతే గెడ్డలు దాటే దారి ఉండదు, రోగిని కర్రకు కట్టి మోసుకెళ్లే డోలీ కూడా కదలదు కాబట్టి, నెలలు నిండిన గర్భిణులను తుఫాను తీరం దాటడానికి రెండు రోజుల ముందే పాడేరు ఆసుపత్రికి చేర్చాలి. తీరంలో పడవలు లాగించడానికి చూపించే పట్టుదలే ఇక్కడా చూపించాలి.

ఖర్చు గురించి అడిగేవాళ్లు ఉంటారు. తీరం ఒక గీత కాబట్టి దాన్ని కాపాడవచ్చు, లోపలి భూభాగం అంతా ఎలా కాపాడతామన్నది న్యాయమైన సందేహమే. అయితే వాన అంతటా పడినా నీరు అన్ని చోట్లా చంపదు. గెడ్డ మలుపులు, కట్టల కింది ఊళ్లు, చరియల కింది ఇళ్లు ఎక్కడెక్కడో స్థానికులకు తెలుసు. ఆ చోట్ల జాబితా జిల్లాకు కొన్ని పేజీలకు మించదు.

పంట నష్టం విషయంలో మార్చవలసింది ఒక్కటి స్పష్టంగా ఉంది. అక్టోబర్, నవంబర్ నెలల్లో వరి ఈనికలో గాని కోతలో గాని ఉంటుంది. కోసి పరిచిన పనలు నీళ్లలో మూడు రోజులు నానితే వెన్ను మీదే గింజ మొలకెత్తుతుంది. చేతిలోకి తీసుకుంటే తెల్లని మొలకలు వేళ్లకు తగులుతాయి. ఆ రైతు నాలుగో రోజున పనలు తిరగేసి, ఆరబెట్టి, దక్కింది దక్కించుకోవాలి. లెక్క రాసేవాళ్ల కోసం ఆగితే అదీ పోతుంది. రైతు తన ఫోనుతో తీసిన తేదీ ఉన్న ఫోటోను, పొరుగు రైతుల సంతకాలను ఆధారంగా తీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. కౌలు రైతు పేరు పంట నమోదులో లేకపోతే డబ్బు భూమి యజమానికి పోతుంది కాబట్టి, నమోదు తుఫానుల కాలం మొదలవకముందే, అంటే సెప్టెంబర్ నాటికి పూర్తి కావాలి.

వీటన్నిటికంటే ముందు చేయదగినది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. పెద్దేరు, కోనాం, రైవాడ, తాటిపూడి జలాశయాల్లో ప్రతిదానికీ గేట్లు ఎత్తితే నీరు చేరే ఊళ్ల పేర్లు, చేరడానికి పట్టే గంటలు, ఎత్తే ముందు ఫోను చేయవలసిన ఇద్దరు ముగ్గురి నంబర్లు ఒక కాగితం మీద రాసి, ఆ ఊళ్ల సచివాలయాల గోడలకు, రామాలయం అరుగు మీద, పాల కేంద్రం దగ్గర అంటించాలి. గేటు దగ్గర పనిచేసే సిబ్బందికి ఆ ఫోను చేయడం విధిగా రాతపూర్వకంగా అప్పగించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు; నీటిపారుదల శాఖ ఇంజనీర్లు, నాలుగు జిల్లాల కలెక్టర్లు ఒకచోట కూర్చుంటే చాలు. అక్టోబర్ రాకముందే వాళ్లు కూర్చోవాలని, ఆ కాగితం మా చిన్నాన్న ఊరి సచివాలయం గోడ మీద కూడా ఉండాలని నేను అడుగుతున్నాను.